రెండు చుక్కల లెన్సు

వారంటీ ఉన్నన్ని రోజులు కెమెరా ఉన్నవాడెవడూ నా మొహం చూడడు. చూడాల్సిన పనీ లేదు. పంజాగుట్టలో కంపెనీవాళ్ళ సర్వీస్ సెంటర్ ఉంది. ఏసీ, మెత్తటి సోఫా, టోకెన్, అడక్కుండానే చల్లటి నీళ్ళు. వారంటీ అయిపోయిన మర్నాడు వెళ్ళినా అదే సోఫా, అవే నీళ్ళు, మాట ఒక్కటే మారుతుంది. "ఈ మోడల్‌కి పార్ట్ రావట్లేదండి, కొత్తది తీసుకుంటే బెటర్" అని కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే చెబుతుంది. అంత మర్యాదగా బయటపడ్డవాళ్ళు మెట్లు దిగి, ఫ్లైఓవర్ కింద నిలబడి కాసేపు తిట్టుకుని, అమీర్‌పేట వచ్చి, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల వెనక రెండో అంతస్తులో ఉన్న నా దుకాణం వెతుక్కునేవాళ్ళు.

ఆ అమ్మాయి మాటంటే నాకు ఒళ్ళుమంట. నా దుకాణంలో కాదు అన్న మాట లేదు. ఏది తెచ్చినా "పెట్టిపో, అయిపోతది" అనేవాణ్ణి. పార్ట్ దొరక్కపోతే ఇంకో చచ్చిన కెమెరాలోంచి పీకి వేసేవాణ్ణి. అదీ దొరక్కపోతే రేపు రమ్మనేవాణ్ణి, రేపు వస్తే ఎల్లుండి రమ్మనేవాణ్ణి, కాని కాదని మాత్రం చెప్పేవాణ్ణి కాదు. అదే నా గొప్ప అనుకున్నాను. ఆ గొప్పే చివరికి నా కొంప ముంచింది.

మన దగ్గర కెమెరాలు ఎలా చెడిపోతాయో కంపెనీవాళ్ళకి తెలీదు. వానలో తడవడం, కింద పడటం, లోపలికి ఇసుక పోవడం, వాళ్ళ పుస్తకంలో ఇంతే. దసరా నాడు కెమెరాని పీట మీద పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరినీళ్ళు చల్లుతారని అందులో రాసుండదు. దసరా వెళ్ళిన వారం నుంచి నాకు అసలు పండగ. జూమ్ రింగు బిగుసుకుపోయిందని తెచ్చేవారు. విప్పితే గాడుల్లో కుంకుమ కొబ్బరినీళ్ళతో కలిసి గడ్డకట్టి ఉండేది. తడిసిన కెమెరాను బియ్యం డబ్బాలో పెట్టాలని ఎవడు చెప్పాడో గానీ వాడు నాకు అన్నం పెట్టాడు. నీళ్ళు చెయ్యని నాశనం బియ్యంలోని తవుడు చేసేది. హల్దీ ఫంక్షన్లు వచ్చాక పసుపునీళ్ళు, తలంబ్రాల్లో థర్మకోల్ పూసలు కలపడం మొదలయ్యాక ఆ పూసలూ దొరికేవి. పూజలో పెట్టిన బొట్టు వల్ల చెడిపోయిందని ఏ గిరాకీకీ నేను చెప్పలేదు. లోపలికి దుమ్ము పోయిందని చెప్పేవాణ్ణి.

గిరాకీలంటే ముఖ్యంగా పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు. ముహూర్తాలున్న నెలల్లో వాళ్ళు నన్ను మనిషిలాగే చూసేవారు కాదు. "రేపు పొద్దుగాల లగ్గం ఉన్నదన్నా, ఇయ్యాల్నే కావాలె" అని నెత్తిమీద నిలబడేవారు. అన్నం తిననిచ్చేవారు కాదు. నేను విసుక్కునేవాణ్ణి, తిట్టేవాణ్ణి, ఇంతమంది నిలబడితే గాలి ఆడదు బయటికి పోండని అరిచేవాణ్ణి. లోపల మాత్రం భలే హాయిగా ఉండేది. ఎవరిదో పెళ్ళి నీ చేతిలో ఆగి ఉందంటే నువ్వు పనిమంతుడివన్నమాట. మా పనిలో సన్మానాలు, శాలువాలు ఉండవు. గిరాకీ పెట్టే తొందరే మాకు మర్యాద.

తరవాత నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు ఏదో పేరు చెప్పి మాత్రలు రాశాడు, తగ్గుతుంది గానీ పోదన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. లెన్సులోని స్క్రూ నువ్వుగింజంత ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరు కొనకి అంటించి గాడిలోకి దించేటప్పుడు చెయ్యి అటో ఇటో పోయి అది కింద రాలేది. ఎదురుగా గిరాకీ ఉంటే "జర చాయ్ తాగి రా పో" అని పంపించి, నేల మీద కూర్చుని టార్చితో వెతుక్కునేవాణ్ణి. వాళ్ళు చాయ్ తాగి వచ్చేవారు, నా మోకాళ్ళకి అంటిన దుమ్ము చూసేవారు, చూపు పక్కకి తిప్పుకునేవారు. ఇంట్లో నా భార్య టీ గ్లాసు సగమే నింపి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే పని పల్చబడింది. అందరూ ఫోన్లలోనే ఫోటోలు తీసుకుంటున్నారు, ఇంక కెమెరాలెక్కడివి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెళ్ళిళ్ళలో ఇప్పటికీ కెమెరాలే తిరుగుతున్నాయన్న సంగతి కావాలనే పక్కన పెట్టాను. ఒకనాడు కింద చాయ్ హోటల్లో, ఇట్లయితే దుకాణం మూసెయ్యాలేమో అని నోరు జారాను. అప్పుడు పక్కన ఇద్దరున్నారు. ఒకతనికి పంజాగుట్టలో స్టూడియో ఉంది, అతన్ని నేను తమ్ముడూ అని పిలుస్తాను. రెండో అతను బేగంపేట హోటళ్ళలో ఫంక్షన్లు తీస్తాడు, అతను అందరికీ భాయ్. ఇద్దరికీ మీసాలు సరిగ్గా రాని రోజుల నుంచి వాళ్ళ కెమెరాలు నా చేతిమీదుగానే నడిచాయి. నా మాట విని ఇద్దరూ చాయ్‌లోకి చూస్తూ కూర్చున్నారు.

ఆ మరుసటి నెల నుంచి పని మళ్ళీ రావడం మొదలైంది. ఒకరు ఫ్లాష్ తెచ్చారు, ఒకరు షట్టర్ పడని కెమెరా తెచ్చారు. తమ్ముడు ఒక లెన్సు తెచ్చాడు, మంచి పెద్ద లెన్సు, పెళ్ళి మండపంలో దూరం నుంచి తీసేది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎప్పటికి కావాలని అడిగాను.

"తొందరేం లేదన్న. నిమ్మళంగ చెయ్యి" అన్నాడు.

నాకు బుద్ధి ఉంటే అక్కడే అర్థమయ్యేది. అంతకుముందు నా దుకాణంలో ఆ మాట ఎవడూ అనలేదు. కానీ నేనేమనుకున్నానంటే, కుర్రాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళాం పిల్లలు వచ్చి నిదానం నేర్చుకున్నారు, నా వయసుకి గౌరవం ఇస్తున్నారు అనుకున్నాను. ఇంటికెళ్ళి నా భార్యతో గొప్పగా చెప్పాను కూడా. ఆమె మంచిదేలే అంది.

ఆ లెన్సు మీద చాలా రోజులు కూర్చున్నాను. లోపల రెండు అద్దాల్ని కలిపే అతుకు విడిపోయి మొత్తం పాలు పోసినట్టు తెల్లబడింది. మోటారు కాలిపోయింది. ఎక్కడెక్కడో అడిగాను, పార్ట్ లేదు. నేను ఎన్నడూ అనని మాట ఆ రోజు అనాల్సి వచ్చింది, ఇది పోయింది తమ్ముడూ అన్నాను. అతను ఏమీ బాధపడలేదు. నా కష్టానికి ఇవ్వాల్సింది ఇచ్చి, పోతే పోనియ్యన్న అని తీసుకుపోయాడు.

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. నేను విప్పి బాగుచేసిన ప్రతి లెన్సుకీ వెనక రింగు కింద, లోపలివైపు, నా భార్య గోళ్ళరంగుతో ఒక చుక్క పెడతాను. స్క్రూ కదలకుండానూ ఉంటుంది, నా చేతిపని అని గుర్తుగానూ ఉంటుంది. అమీర్‌పేటలో చచ్చిన లెన్సుని పైన తుడిచి, మెరిపించి, కోర్సులకొచ్చిన పిల్లలకి అమ్మేసేవాళ్ళు ఉన్నారు. అందుకని, పైకి చెప్పకపోయినా, ఇక పనికిరాదని నాలో నేను తేల్చుకున్నదానికి రెండు చుక్కలు పెడతాను. అది మళ్ళీ ఎవడి చేతిలోనైనా నా దగ్గరికి వస్తే, విప్పగానే నాకు తెలిసిపోవాలి. తమ్ముడి లెన్సుకి రెండు చుక్కలు పెట్టి ఇచ్చాను.

వానలు వెళ్ళాక భాయ్ ఒక లెన్సు తెచ్చాడు. మొన్నటిదాకా మంచిగనే ఉండె, ఉన్నట్టుండి ఆగిపోయింది అన్నాడు. అతనూ తొందరేం లేదనే అన్నాడు. మర్నాడు కూర్చుని వెనక రింగు విప్పాను. రెండు చుక్కలున్నాయి, నా ఇంటి గోళ్ళరంగే. లోపల అద్దం అదే తెలుపు.

నాకు తల తిరిగిపోయింది. చచ్చిన లెన్సుని తమ్ముడు భాయ్‌కి అంటగట్టాడు, నా చేతిలోంచి తీసుకుపోయి, నేను పోయిందని చెప్పాక, తోటివాడికి అమ్ముకున్నాడు, ఇంకేముంటుంది? ఇన్నేళ్ళు చూసిన మనిషి. వాళ్ళ నాన్న పోయినప్పుడు నేను వెళ్ళి కూర్చున్నాను. దుకాణం షట్టర్ దించి, మెట్రో కూడా ఎక్కకుండా, ఆ కోపంలో నడుచుకుంటూనే పంజాగుట్ట పోయాను.

స్టూడియోలో ఎవరో పెళ్ళివారు ఆల్బమ్ చూసుకుంటున్నారు. వాళ్ళ ముందే లెన్సు బల్ల మీద పెట్టి అడిగాను. నువ్వు తినేది అన్నమేనా అన్నాను. భాయ్ నీకేం పాపం చేసిండని అడిగాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. కౌంటర్ వెనక కూర్చున్న అతని భార్య ఏదో చెప్పబోయింది. అతను ఆమెకేసి ఒక్క చూపు చూశాడు, ఆమె ఆగిపోయింది. పెళ్ళివారు ఆల్బమ్ మూసేశారు.

"తప్పయిందన్నా. భాయ్ పైసలు భాయ్‌కి ఇచ్చేస్త" అన్నాడు తల దించుకుని.

దొంగ దొరికాడనుకున్నాను. నా కడుపుమంట అక్కడితో ఆరలేదు. మా ఫోటోగ్రాఫర్లకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది, అందులో అతని పేరు పెట్టి మరీ రాశాను. ఇతని దగ్గర ఎవరూ ఏమీ కొనకండి, చచ్చిన లెన్సు అమ్మాడు, నేనే సాక్షి అని రాశాను. ఒక్కో అక్షరం నొక్కడానికి ఆ చెయ్యి ఎంత ఏడిపించినా వదల్లేదు.

ఆ గ్రూపులో ఎవడిదో ఛార్జర్ పోయిందంటే రోజంతా మాటలు నడుస్తాయి. ఎవడి కొడుకు పుట్టినరోజైనా కేకుల బొమ్మలు వచ్చి పడతాయి. నేను రాసినదానికి ఒక్కడు కూడా బదులు పెట్టలేదు. నిజమా అని అడగలేదు, అయ్యో అనలేదు, నన్ను తిట్టనూ లేదు. అందరూ చదివినట్టు గుర్తులు కనిపిస్తున్నాయి. మర్నాడు పొద్దున ఎవరో శుభోదయం అని పూలు పెట్టారు, దాని కింద అందరూ చేతులు జోడించారు, నా మాట పైకి జరిగిపోయింది. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. ఎందుకో తెలీదు గానీ వేసింది.

సాయంత్రం భాయ్ వచ్చాడు. కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, కోపం చెయ్యకుండా వినమన్నాడు.

"తమ్ముడు నాకు ఏం అమ్మలే అన్నా. గా లెన్స్ ఎవ్వరిది కాదు. అందరిది."

నాకు అర్థం కాలేదు. అతనే నిదానంగా, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాడు. తమ్ముడి స్టూడియోలో ఒక అట్టపెట్టె ఉందట. ఎవరి దగ్గర చచ్చిన వస్తువున్నా తెచ్చి అందులో వేస్తారట. సర్వీస్ సెంటర్‌వాళ్ళు పనికిరాదని తిప్పి పంపినవి, పాత సామాన్ల వాడికి వెయ్యాల్సినవి. నెలనెలా ఎవరికి వీలైతే వాళ్ళు అందులోంచి ఒకటి తీసుకుని నా దగ్గరికి వస్తారట. నేను దుకాణం మూసేస్తానన్న రోజు చాయ్ హోటల్లోనే ఇద్దరూ అనుకున్నారట, తరవాత ఒక్కొక్కరే కలిశారట. నన్ను తప్ప అందరినీ కలుపుకుని ఇంకో గ్రూపు కూడా ఉందట. ఈ లెన్సుని తమ్ముడు ఒకసారి నా దగ్గరికి తెచ్చిన సంగతి మర్చిపోయి తను మళ్ళీ పట్టుకొచ్చాడట, అదొక్కటే తన తప్పన్నాడు.

నేను బల్ల మీది సామాను సర్దుతున్నట్టు చేశాను. ఆ ఏడాది వచ్చినవన్నీ పోయినవేం కావు. కొన్నిటికి ప్రాణం పోశాను. షట్టర్ పడని కెమెరాకి ఇంకోదాని షట్టర్ వేసి, రోజుల తరబడి కూర్చుని, బంగారంలా చేసి ఇచ్చాను. మరి నేను బాగుచేసినవి ఏమయ్యాయని అడిగాను.

"అవి గూడ గా అట్టడబ్బలనే ఉన్నయన్నా" అన్నాడు భాయ్.

ఎందుకని అడగలేదు. పెళ్ళి మళ్ళీ జరగదు కదా. తాళి కట్టేటప్పుడు కెమెరా ఆగిపోతే ఎవడు పూచీ? మంచివి పాడైతే ఎక్కడ ఇస్తున్నారని మాత్రం అడిగాను. భాయ్ గోడకేసి చూసి, పంజాగుట్ట సర్వీస్ సెంటర్లనే అన్నాడు. కొత్త మోడళ్ళకి పార్ట్ ఉన్నా, వారంటీ లేకుండా అక్కడ చేయిస్తే రక్తం పిండేస్తారు. అయినా అక్కడే ఇస్తున్నారు. నేను జీవితమంతా ఎవరిని తిట్టానో వాళ్ళకి ఇస్తున్నారు.

భాయ్ వెళ్ళిపోయాక ఏడుపు రాలేదు, మంట వచ్చింది. నీ చెయ్యి పోయింది, ఇంక మానెయ్ అని ఒక్కడు నా మొహం మీద చెప్పుంటే బాగుండేది. ఒక రోజు తిట్టుకునేవాణ్ణి, రెండు రోజులు ఏడ్చేవాణ్ణి, షట్టర్ దించేవాణ్ణి. ఆ కౌంటర్లో అమ్మాయికున్న ధైర్యం నా వాళ్ళకి లేకపోయింది. ఆమె రోజూ ఎంతమందికో మొహం మీదే చెబుతుంది, పార్ట్ రావట్లేదండి అని. వీళ్ళకి మొహమాటం. వీళ్ళ మొహమాటం కోసం నేను ఏడాదిపాటు చెత్తని ముందేసుకుని కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నాను. తమ్ముడు ఆ మొహమాటానికి పెళ్ళివారి ముందు దొంగ అని కూడా అనిపించుకున్నాడు. అంతకన్నా మండేది ఇంకోటి ఉంది. వీళ్ళకి ఈ విద్య ఎవరు నేర్పారు? కానిదాన్ని అయిపోతుందని, ఎల్లుండి రమ్మని, కుంకుమని దుమ్మని, ఇన్నేళ్ళు వాళ్ళ ముందే చెప్పింది నేనే. వాళ్ళు నా దగ్గరే నేర్చుకున్నారు.

ఇంట్లో చెప్పాను. నా భార్య విని ఆశ్చర్యపోలేదు. నీకూ తెలుసా అని అడిగాను. సగం గ్లాసు టీ నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

గ్రూపులో రాసింది తీసేసి, శనివారం నాడు తమ్ముడి స్టూడియోకి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రాసింది తీసేశానన్నాను. ఉంటే ఉండనియ్యన్న, ఏం పోతది అన్నాడు. అట్టపెట్టె ఏదని అడిగాను. లైట్ల స్టాండ్ల వెనక ఉంది. నేనే లాగి చూశాను. పైనే ఉంది నేను షట్టర్ వేసిన కెమెరా, నేను చుట్టి ఇచ్చిన న్యూస్ పేపరు కూడా విప్పలేదు. దాని కింద ఒక చుక్క లెన్సులు, రెండు చుక్కల లెన్సులు అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

అతని పెళ్ళి బ్యాగు బల్ల మీద సర్ది ఉంది. మర్నాడు ఎక్కడో లగ్గం ఉన్నట్టుంది.

"గా బ్యాగులకెల్లి ఒకటియ్యి. పని చేసేది. జూమ్ జర గట్టిగ తిరుగుతదని మొన్న చాయ్ హోటల్ల నా ముంగటనే భాయ్‌తోని అంటివి గద, గదియ్యి" అన్నాను.

అతను నా మొహంకేసి చూశాడు, తరవాత నా చేతికేసి చూశాడు. నేను చేతిని దాచలేదు. అతని భార్య కౌంటర్ దగ్గర్నుంచి లేచి లోపలికి వెళ్ళింది. అతను బ్యాగు జిప్పు తీసి, లెన్సు తీసి, తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో నాకిచ్చాడు. బరువుగా, చల్లగా, బతికున్న లెన్సు. రింగు తిప్పి చూశాను. నిజంగానే కొంచెం గట్టిగా ఉంది. దసరా కుంకుమే అయ్యుంటుంది. గంటలో అయిపోయే పని, ఒకప్పుడైతే.

ఎప్పటికి కావాలని అడిగాను. మర్నాడు లగ్గం ఉన్నవాణ్ణి అడిగాను.

"తొందరేం లేదన్నా" అన్నాడు.

నేను లెన్సుని తీసుకెళ్ళి మళ్ళీ అతని బ్యాగులోనే, దాని గూట్లోనే పెట్టాను. జిప్పు నేనే వేశాను. దాని కొన నా వేళ్ళకి చిక్కడానికి చాలాసేపు పట్టింది. అతను సాయం చెయ్యడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.